మూడేళ్ళ డిగ్రీని 'గ్యాప్' అని రాయమంటే ఎలా?

నర్సింగ్ సీట్లు భర్తీ చేసే అధికారులకు, నర్సింగ్ సిలబస్ రాసే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ జువాలజీ మూడో సంవత్సరం చదువుతున్నాను. బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలని రెండేళ్ళుగా తిరుగుతున్నాను. ఈ రెండో మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగి, "డిగ్రీ చదువుతూ మళ్ళీ ఇంకో డిగ్రీలో మొదటి సంవత్సరమా?" అంటారు. మా నాన్నయితే ఇంకా సూటిగా అడిగారు: "ముందుకెళ్తున్నావా అమ్మలూ, వెనక్కెళ్తున్నావా?" నాన్నకైతే రాత్రి అన్నం దగ్గర కూర్చోబెట్టి చెప్పుకోగలిగాను. మీకు చెప్పుకునే చోటే దొరకలేదు. అప్లికేషన్‌లో అందుకు గడి లేదు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన ఏడాది సర్టిఫికెట్ల పరిశీలనకి వెళ్ళాను. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం... ఫైలు చేతికి బరువుగా ఉంది. బల్ల అవతల కూర్చున్నాయన ఒక్కొక్కటే తిప్పుతూ వచ్చి ఇంటర్ మెమో దగ్గర ఆగారు.

"2023లో ఇంటర్ అయిపోయింది. ఈ రెండేళ్ళూ ఏం చేశావమ్మా?"

"డిగ్రీ సార్. జువాలజీ."

"అయిపోయిందా?"

"లేదు సార్, రెండో సంవత్సరం అయింది."

"అయితే గ్యాప్ సర్టిఫికెట్ తెచ్చుకో."

నాలుగు సెమిస్టర్ల మార్కుల మెమోలు ఆ ఫైల్లోనే ఉన్నాయి. ఆయన చూడలేదని అనను. చూశారు, చూసి పక్కన పెట్టారు. ఆయన దగ్గరున్న లిస్టులో ఆ కాగితాలకి వరస లేదు, అంతే. నేను నోటరీ దగ్గరికి పరుగెత్తాను. అక్కడ టైపు చేసే అబ్బాయి దగ్గర తయారు ఫార్మాట్ ఉంది: సదరు కాలములో నేను ఏ విద్యాసంస్థలోనూ చేరియుండలేదు, అని. "ఆ ముక్క తీసెయ్యండి, నేను చదివాను" అన్నాను. "అందరూ ఇదే రాస్తారమ్మా, ఫార్మాట్ ఇదే" అన్నాడు. రెండేళ్ళు చదివానని మెమోలు, రెండేళ్ళు ఏమీ చదవలేదని ప్రమాణ పత్రం, రెండూ ఒకే ఫైల్లో. ఎవరైనా నింపాదిగా చదివితే నన్ను పట్టుకుంటారేమోనని టెన్షన్ పడ్డాను. ఎవరూ చదవలేదు.

నేను అడుగుతున్నది ఒక్కటే. డిగ్రీలో సైన్సు చదువుతున్నవాళ్ళకీ చదివేసినవాళ్ళకీ నర్సింగ్‌లోకి ఒక దారి పెట్టండి. మేం ఇప్పటికే చదివి పాసైనదాన్ని లెక్కలోకి తీసుకోండి.

"ఇంటర్ అవగానే చేరి ఉండాల్సింది కదా" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఊళ్ళో బైపీసీ పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. కాలేజీ గోడ మీద ర్యాంకుల ఫొటోలు, వారానికో పరీక్ష, ఆదివారం కూడా స్టడీ అవర్స్. అందరి నోటా ఒకటే మాట, ఎంబీబీఎస్. రాకపోతే బీడీఎస్, అదీ కాకపోతే వెటర్నరీ, అగ్రికల్చర్, ఫార్మసీ. అన్నీ దాటిపోయాక డిగ్రీ. ఈ నిచ్చెనలో నర్సింగ్ ఏ మెట్టు మీదా ఉండేది కాదు. రెండేళ్ళలో ఆ మాట నేను క్లాసులో విన్నది ఒక్కసారే. హోంవర్క్ చెయ్యని ఒక పిల్లని లెక్చరర్ నిలబెట్టి, "ఇలాగే చదువు, నర్సువి అవుతావు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

నిజానికి ఆ నవ్వుకి చాలా ముందే నేనొక నర్సుని దగ్గర నుంచి చూశాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు గోపాలపట్నం వైపు నుంచి పరుగెత్తినవాళ్ళలో మేమూ ఉన్నాం. 12 మంది చనిపోయారు, వందల మందిని ఆసుపత్రులకి తీసుకెళ్ళారు. నాకు కళ్ళు మండుతున్నాయి, ఊపిరి ఆడుతోంది, అంతే. మా పక్కింటి బాబుకి మాత్రం ఆయాసం. ఒకావిడ, మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, వాడి కళ్ళలో నీళ్ళు పోసి కడుగుతూనే, వాడి చేతి మీద పెన్నుతో పేరు, తండ్రి పేరు రాసింది. వాళ్ళమ్మ ఏ ఆసుపత్రిలో ఉందో అప్పటికి ఎవరికీ తెలియదు. పిల్లాడు తప్పిపోకూడదని ఆ రాత. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆవిడ కనపడింది గానీ ఆవిడ వెనక ఒక చదువు ఉందని తట్టలేదు.

తట్టింది డిగ్రీలో. అదీ డిగ్రీ వల్లే. మొదటి ఏడాది అయ్యాక మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చెయ్యాలి. చాలామంది తెలిసిన నాలుగిళ్ళలో ఫారాలు నింపేసి, ఫొటోలు అతికించి, లాగించేస్తారు. నేనూ అదే చేద్దామనుకున్నాను. కానీ మా మేడం మమ్మల్ని ఆరిలోవ వైపు ఒక కొండ కాలనీకి పంపి, వార్డు సచివాలయంలో ఉండే ఏఎన్ఎం అక్కకి అప్పజెప్పారు. మే నెల ఎండ, మెట్లు ఎక్కీ ఎక్కీ కాళ్ళు పీకేవి. అక్క మాత్రం భుజానికి సంచీ, చేతిలో రిజిస్టర్, ఎవరింట్లో ఎవరికి ఏముందో అన్నీ నోటికి చెప్పేది.

ఒకింట్లో ఒక తాత ఉన్నాడు. నా ఫారంలో ప్రశ్న: "మీ ఇంట్లో బీపీ ఉన్నవారు ఉన్నారా?" ఉన్నారు అని టిక్కు పెట్టాను. "మందులు వాడుతున్నారా?" వాడుతున్నారు, టిక్కు. నా పని అయిపోయింది. అక్క పని అప్పుడే మొదలైంది.

"తాతా, ఎలాగుంది?"

"లేస్తే తల తిరిగిపోతన్నాది తల్లీ. రెండుసార్లు పడిపోనాను."

అక్క బీపీ చూసింది. బాగా తక్కువ ఉంది. ఇంకొకరైతే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగమనేవాళ్ళేమో. అక్క, "మందులు ఎక్కడ పెడతావు తాతా?" అంది. ఆయన గూట్లోంచి పాత బూస్టు డబ్బా తీశాడు. అందులో రెండు రకాల మాత్రల రేకులు. ఒకటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చింది, ఒకటి కొడుకు మందుల షాపులో కొనితెచ్చింది. రేకుల మీద పేర్లు వేరు. అక్క వాటిని వెలుతురుకి పట్టుకుని చిన్న అక్షరాలు చదివి నాకు చూపించింది. రెండింట్లోనూ ఉన్నది ఆమ్లోడిపిన్ అనే బీపీ మందే. తాత రోజూ ఒకే మందు రెండు పేర్లతో మింగుతున్నాడు. అక్క అక్కడి నుంచే అర్బన్ హెల్త్ సెంటర్ డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు ఒక రేకు పక్కన పెట్టించి, కొడుక్కి ఫోన్ చేసి విషయం చెప్పి, వారం తర్వాత మళ్ళీ వస్తానని రిజిస్టర్‌లో రాసుకుంది. మొత్తం పావుగంట.

ఆ పావుగంటలో నేను సెమిస్టర్‌లో చదివిన ఫిజియాలజీ అంతా ఉంది. రక్తనాళాలు వదులవడం, లేచి నిలబడితే మెదడుకి రక్తం తగ్గడం, అన్నీ పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ డబ్బా ఎక్కడుందని అడగాలని నాకు తోచలేదు. దిగేటప్పుడు అక్కతో, "నేనూ ఇది చదవాలంటే ఏం చెయ్యాలి?" అన్నాను. "నాకు ఇంట్లో కుదరక రెండేళ్ళ ఏఎన్ఎం ట్రైనింగ్ చేశాను. నువ్వు బీఎస్సీ నర్సింగ్ చెయ్యి, పై మెట్టుకి వెళ్తావు" అంది. అక్కకి తెలియదు, అప్పటికే నేను తప్పు గేటులోంచి లోపలికి వచ్చేశానని.

ఇక మీ సిలబస్ సంగతికి వస్తాను. 2021లో బీఎస్సీ నర్సింగ్‌ని సెమిస్టర్లు, క్రెడిట్ల పద్ధతిలోకి మార్చారు కదా. ఆ పుస్తకం నేను ఆ వేసవిలోనే డౌన్‌లోడ్ చేసుకుని, మా డిగ్రీ సిలబస్ పక్కన పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివాను. మీ మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ ఉన్నాయి. రెండో సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్. మూడో దాంట్లో మైక్రోబయాలజీ. మా దగ్గర యానిమల్ ఫిజియాలజీ, సెల్ బయాలజీ, జెనెటిక్స్, ఇమ్యునాలజీ, బయోకెమిస్ట్రీ. మా క్లాసు పిల్లలు హీమోసైటోమీటర్ మీద ఎర్ర రక్తకణాలు లెక్కపెట్టారు, బ్లడ్ గ్రూపులు తేల్చారు, హిమోగ్లోబిన్ చూశారు. మైక్రోబయాలజీ మేజర్ తీసుకున్నవాళ్ళయితే గ్రామ్ స్టెయినింగ్ కళ్ళు మూసుకుని చేస్తారు. హోంసైన్సు పిల్లలకి న్యూట్రిషన్ నాకంటే బాగా వచ్చు.

అన్నీ సరిగ్గా అతుకుతాయని చెప్పను. మీ సబ్జెక్టుల పేర్ల ముందు 'అప్లైడ్' అని ఒక మాట పెట్టారు, దాని బరువు నాకు ఆ తాత ఇంట్లో తెలిసింది. మా అనాటమీలో బొద్దింక నుంచి కుందేలు దాకా ఉంటాయి. మీ దాంట్లో మనిషి ఒక్కడే ఉంటాడు. అది మళ్ళీ చదవాల్సిందే. నర్సింగ్ ఫౌండేషన్స్‌లో ఒక్క అక్షరం కూడా మాకు రాదు. దుప్పటి మడత పడకుండా పక్క సర్దడం దగ్గర్నుంచి మందు డోసు లెక్కకట్టడం దాకా అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలి. వార్డు పనిలో ఒక్క గంట కూడా తగ్గించమని నేను అడగను. పట్టా ఇచ్చేముందు ప్రాక్టికల్ హాజరు 100 శాతం ఉండాలన్న నిబంధన ఉంది చూడండి, అది అలాగే ఉండాలి. రేపు మా అమ్మ మంచం మీదుంటే, హాజరు మాఫీ చేయించుకున్న నర్సు ఆమెకి ఇంజెక్షన్ ఇవ్వడం నాకూ ఇష్టం లేదు.

కానీ బయోకెమిస్ట్రీ? న్యూట్రిషన్? మైక్రోబయాలజీలో సగం? ఒకసారి యూనివర్సిటీ పరీక్షలో పాసైన విషయాన్ని మళ్ళీ అదే స్థాయిలో, మళ్ళీ ఫీజు కట్టి, మళ్ళీ పాసవ్వాలా? కావాలంటే మాకు ఒక అర్హత పరీక్ష పెట్టండి. పాసైన సబ్జెక్టులు వదిలెయ్యండి, ఫెయిలైనవి చదివించండి. నాలుగేళ్ళలో ఒక ఏడాది కలిసొచ్చినా చాలు. ఆ ఒక్క ఏడాదే మా ఇళ్ళలో 'సరే, చదువుకో' అనడానికీ 'ఇక చాలు, సంబంధాలు చూద్దాం' అనడానికీ మధ్య తేడా.

ఇది మన దగ్గర ఎక్కడా లేని పద్ధతి కూడా కాదు. లా చదవాలంటే ఇంటర్ తర్వాతైతే 5 ఏళ్ళు, డిగ్రీ తర్వాతైతే 3 ఏళ్ళు. డిగ్రీ చదివొచ్చినవాణ్ణి లా కాలేజీ 'గ్యాప్' అని అడగదు. పాలిటెక్నిక్ అయినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్ళిపోతారు. డీఫార్మసీ వాళ్ళు బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరతారు. అంతెందుకు, మీ దగ్గరే జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసినవాళ్ళకి రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. అంటే ఒకరు ఇదివరకే నేర్చుకున్నదాన్ని గౌరవించి మిగతాది నేర్పడం నర్సింగ్‌కి కొత్త కాదు. పక్క సందులోంచి వచ్చినవాళ్ళకి మాత్రం ఆ తలుపు లేదు.

అమెరికాలో వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ళు నర్సు అవ్వాలంటే యాక్సిలరేటెడ్ కోర్సులున్నాయి. ఎక్కువభాగం 11 నుంచి 18 నెలల్లో పూర్తవుతాయి. ఊరికే ఇవ్వరు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ ముందే చదివి మంచి గ్రేడ్లు తెచ్చుకుని ఉండాలి, ఆ గ్రేడ్లతోనే పోటీ. మామూలు నాలుగేళ్ళ దారిలో కూడా అక్కడ చాలా యూనివర్సిటీల్లో పిల్లలు మొదటి ఒకటి రెండేళ్ళు సైన్సు సబ్జెక్టులు చదివి, ఆ మార్కులతో నర్సింగ్ సీటుకి దరఖాస్తు పెట్టుకుంటారు. ఆ పోటీ గట్టిదే, సీటు రానివాళ్ళు ఏడ్చేవాళ్ళు అక్కడా ఉంటారు. కానీ వాళ్ళు పోటీ పడేది కాలేజీలో చదివిన చదువుతో. నేను పోటీ పడుతున్నది పదిహేడేళ్ళప్పుడు చదివిన ఇంటర్ పాఠాలతో. బ్రిటన్‌లో కూడా డిగ్రీ ఉన్నవాళ్ళకి రెండేళ్ళ నర్సింగ్ కోర్సులున్నాయి. మన నర్సులు వెళ్ళి పనిచేసే దేశాలే ఇవి.

పోటీ గురించి కూడా కొంచెం చెప్పాలి. ఎందుకంటే ర్యాంకు రాక ఏడుస్తోందని మీరు అనుకోవచ్చు. ఎయిమ్స్ బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్ పరీక్ష 100 మార్కులకి. ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, బయాలజీ 30, జనరల్ నాలెడ్జ్ 10, సమయం రెండు గంటలు. మిలిటరీ నర్సింగ్‌కైతే నీట్ స్కోరు కావాలి. దేశం మొత్తానికి ఆరు కాలేజీల్లో కలిపి 220 సీట్లు, ఆడపిల్లలకి మాత్రమే. నీట్‌తో ఆగదు, తర్వాత ఇంకో కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్. నావికాదళం ఊళ్ళో పుట్టి పెరిగినందుకేమో, ఆ తెల్ల యూనిఫాం మీద నాకు మనసు ఎక్కువే.

నాకు బయాలజీతో ఇబ్బంది లేదు. ఫిజిక్స్ దగ్గరే పడిపోతాను. ఇంటర్ అయ్యాక దాన్ని ముట్టుకోలేదు. జువాలజీ తీసుకున్నవాళ్ళకి అవసరం ఏముంది? ఇప్పుడు పొద్దున కాలేజీ, మధ్యాహ్నం ల్యాబ్, సాయంత్రం ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం, రాత్రి బస్సు. గ్రంథాలయంలో నా చుట్టూ గ్రూప్-2, బ్యాంకు, రైల్వే వాళ్ళు. నేను ఒక్కదాన్నే వాలు తలం మీద దిమ్మెలు జారుస్తూ కూర్చుంటాను. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో మా పెద్దమ్మకి తోడుగా మూడు రాత్రులున్నప్పుడు, సన్నగా ఉన్న ఒక నర్సమ్మ నడుము వంచకుండా, మోకాళ్ళు మడిచి, దుప్పటి పట్టుకుని ఎనభై కిలోల మనిషిని అవతలి మంచం మీదకి మార్చడం చూశాను. ఫిజిక్స్ మీద కోపం తగ్గింది. కాబట్టి ఫిజిక్స్ తీసెయ్యమని అడగడం లేదు.

అడిగేది ఇంకొకటి. 2021 నిబంధనల్లో ప్రవేశ పరీక్ష ఎలా ఉండాలో రాశారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఒక్కొక్కటి 20 మార్కులు. ఇంకో 20 నర్సింగ్ పట్ల ఆప్టిట్యూడ్‌కి. ఆ చివరి 20 మార్కులు చదివి సంతోషించాను. ఎయిమ్స్ పేపర్లో గానీ నీట్‌లో గానీ అవి నాకు ఎదురవలేదు. ఆ బూస్టు డబ్బా ప్రశ్న ఎక్కడైనా వస్తుందేమోనని ఇప్పటికీ చూస్తున్నాను. రాస్తే మీలాంటివాళ్ళే రాయగలరు: ఒక మనిషి, రెండు రేకులు, మొదట ఏం అడుగుతావు?

పోయిన ఏడాది నాకు సీటు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. వేరే జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో, కన్వీనర్ కోటాలో. చేరలేకపోయాను. చేరాలంటే టీసీ, ఇంటర్ ఒరిజినల్స్ కావాలి. అవి మా డిగ్రీ కాలేజీ బీరువాలో ఉన్నాయి. పరిశీలనకని ఒక్క రోజుకి అడిగి తెచ్చుకున్నవి సాయంత్రానికల్లా మళ్ళీ అప్పగించేశాను. ఇప్పుడు శాశ్వతంగా కావాలంటే మూడో ఏడాది ఫీజు కూడా కట్టి తీసుకెళ్ళమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని కాపీ ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. క్లర్కు గారు చదివి, "ఇది యూజీసీది కదమ్మా, ఇక్కడ మేనేజ్‌మెంట్ వేరు" అన్నారు. ఆఫీసు బయట బెంచీ మీద మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజుకి రిపోర్టింగ్ గడువు అయిపోయింది. నా ర్యాంకు తర్వాత ఉన్న అమ్మాయి ఎవరో చేరి ఉంటుంది. ఆమె మీద నాకేం కోపం లేదు.

ఇంకో ముడి కూడా ఉంది. డిగ్రీకి మాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. నర్సింగ్ కూడా డిగ్రీయే కాబట్టి, అదే స్థాయి చదువుకి రెండోసారి రాదని చెప్పారు. మా నాన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనిషి, అమ్మ బ్లౌజులు కుడుతుంది. వాళ్ళు కూర్చుని లెక్క వేశారు. లెక్క వెయ్యడానికి కాగితం కూడా అవసరం లేకపోయింది.

మీ వైపు నుంచి ఆలోచిస్తే అభ్యంతరాలు నాకూ తెలుస్తూనే ఉన్నాయి. ఇలాంటి దారి తెరిస్తే, వార్డు మొహం చూడకుండానే పట్టాలు అమ్మేసేవాళ్ళు తయారవుతారని భయం. నిజమే. ఆసుపత్రి సరిగ్గా లేని కాలేజీలు ఇప్పటికే ఉన్నాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే మేనేజ్‌మెంట్ కోటాలో ఈ దారి పెట్టొద్దు. ముందు ప్రభుత్వ కాలేజీల్లో, పెద్దాసుపత్రి ఆనుకుని ఉన్నచోట, ఇరవై ముప్పై మందితో మొదలుపెట్టి చూడండి. ఇంటర్ నుంచి వచ్చే పిల్లల సీట్లు లాక్కుని మాకివ్వమని కూడా అనడం లేదు. 2014 తర్వాత పెట్టిన మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెడతామని 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్లు మంజూరు చేసింది. కొత్త గోడలు కడుతున్నప్పుడే ఇంకో తలుపు పెట్టడం తేలిక. కట్టేశాక గోడ కొట్టాలి.

డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చేవాళ్ళ వల్ల అక్కడ సీటు వృథా అవుతుందంటారు. మా క్లాసులో చేరినవాళ్ళలో ఎంతమంది రోజూ వస్తున్నారో ఒకసారి వచ్చి చూడండి. నేనైతే వదిలెయ్యడం లేదు కూడా, పూర్తి చేసే వస్తున్నాను.

ఇరవై ఒక్క ఏళ్ళకి నర్సింగ్‌లో చేరే మనిషి, పదిహేడేళ్ళ మనిషి కంటే మీకు ఎక్కువ పనికొస్తుందని కూడా నాకు అనిపిస్తుంది. ఇందులో స్వార్థం ఉంది, అయినా అంటాను. పదిహేడేళ్ళప్పుడు నేను ఆ తాత ఇంట్లో కూర్చోగలిగేదాన్ని కాదు. వాసనకి బయటికి వచ్చేసేదాన్ని. ఇప్పుడు వచ్చేవాళ్ళం తెలిసి వస్తున్నాం. ఎవరూ తోసి పంపలేదు, పైగా అందరూ వెనక్కి లాగుతున్నారు. మా క్లాసులో ఒక అబ్బాయి కూడా ఉన్నాడు. వాళ్ళ నాన్న పక్షవాతంతో మంచాన పడితే రెండేళ్ళు వాడే చూసుకున్నాడు. ట్యూబు మార్చడం తప్ప అన్నీ వచ్చు. వాడికి నర్సింగ్ మీద ఆశ పుట్టేసరికి ఎయిమ్స్ బీఎస్సీ ఆనర్స్ ఆడపిల్లలకే, మిలిటరీ ఆడపిల్లలకే. వాడి ఉత్తరం వాడే రాసుకుంటే బాగుంటుంది, నేను రాయమన్నాను.

పెద్ద మార్పుకి కమిషన్లు, కమిటీలు కూర్చోవాలని తెలుసు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పెట్టడానికి 2023లో కొత్త చట్టం చేశారు, నిబంధనలు మళ్ళీ రాసుకునే సమయం ఇదే కదా అని ఈ ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను. ఆలోపు మీ చేతిలోనే ఉన్న చిన్న పనులు కొన్ని చెయ్యొచ్చు. డిగ్రీ చదువుతున్నవాళ్ళ ఒరిజినల్స్ కాలేజీ ఇవ్వకపోతే, స్టాంపు వేసిన జిరాక్సుల మీద తాత్కాలికంగా చేర్చుకుని నెల గడువు ఇవ్వండి. కాలేజీకి ఒక ఫోన్ మీరు చేస్తే మూడు రోజుల బెంచీ మూడు నిమిషాల్లో అయిపోతుంది. గ్యాప్ సర్టిఫికెట్ ఫార్మాట్‌లో ఆ 'చేరియుండలేదు' పక్కన ఇంకో వాక్యం పెట్టండి.

ఈ మే నెలలో మళ్ళీ పరీక్షలు రాస్తున్నాను. నీట్ ఎప్పటిలాగే మే మొదట్లో వస్తే, మా ఆరో సెమిస్టర్ పరీక్షలూ ఆ చుట్టుపక్కలే పడతాయి. అమ్మ అప్పుడే దిగులు పడుతోంది. ర్యాంకు సంగతి నేను చూసుకుంటాను. మీరు ఈసారి ఫారంలో 'ఇంటర్ తర్వాత చదివినది' అని ఒక గడి పెట్టండి. కౌన్సెలింగ్ నాటికి అందులో నింపడానికి నా దగ్గర ఆరు మెమోలు ఉంటాయి.

ఇట్లు,
బీఎస్సీ జువాలజీ మూడో సంవత్సరం విద్యార్థిని,
విశాఖపట్నం